తోడల్లుడి లెన్సు

ఆదివారం పొద్దున పెద్దల్లుడు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఎండ ముదరకముందే అత్తగారింటికి వెళ్ళాలి, పెరట్లో అందరినీ కుర్చీల్లో కూర్చోబెట్టాలి, ఒక ఫోటో తీయాలి, భోజనం చేసి ఇంటికి రావాలి. ఆ ఫోటో చిన్నల్లుడు తీసే ఫోటోకన్నా బాగుండాలి. పథకంలోని ఈ చివరి భాగం అతను భార్యకు చెప్పలేదు. చెప్పకపోయినా ఆవిడకు తెలుసు.

అత్తగారు ఇంటికి కొత్తగా రంగులు వేయించారు. హాల్లో సోఫా పైన పదేళ్ళుగా వేలాడుతున్న కుటుంబం ఫోటోను ఆ సందర్భంగా కిందికి దింపితే, వెనక చెమ్మ పట్టి మామగారి ముఖమూ పక్కనున్న కిటికీ కలిసిపోయి కనిపించాయి. "కొత్త ఫోటో కావాలి. ఆదివారం అందరూ రండి. అల్లుళ్ళిద్దరూ కెమెరాలు తెచ్చుకోండి. ఏది బాగుంటే అది గోడకెక్కుతుంది," అని ఆవిడ ఫోనులో ప్రకటించారు. పాత ఫోటో తీసింది పెద్దల్లుడు. పదేళ్ళపాటు ఇంటికొచ్చిన ప్రతి చుట్టానికీ అత్తగారు దాన్ని చూపించి "మా పెద్దల్లుడు తీసిందే" అని చెబుతుంటే, అతను విననట్టు పేపరు చదువుతూ, ఆ మాట పూర్తయ్యేదాకా పేజీ తిప్పేవాడు కాదు. ఇప్పుడక్కడ ఒట్టి మేకు మిగిలింది. ఆ మేకు మళ్ళీ తనకే దక్కాలి.

పెద్దల్లుడికి కళ్ళజోళ్ళ షాపుంది. అందువల్ల లెన్సు అనే మాట మీద ఆ కుటుంబంలో సర్వహక్కులూ తనవేనని అతని నమ్మకం. అతని కెమెరా సంచీలో మూడు లెన్సులుండేవి. గుంపుగా కూర్చున్నవాళ్ళకొకటి, విడి ముఖాలకొకటి, దూరంగా ఉన్నవాటికి మోచెయ్యంత పొడుగుది మరొకటి. ఒకటి విప్పి ఇంకొకటి బిగించేటప్పుడు లోపల దుమ్ము పడుతుందని కిటికీలు మూయించేవాడు, ఫ్యాను ఆపించేవాడు. "ఎవరూ కదలకండి, ఆ నవ్వు అలాగే ఉంచండి," అనేవాడు. జనం ఆ నవ్వును అలాగే పట్టుకుని చెమటలు కక్కుతూ కూర్చునేవాళ్ళు. మామగారు ఆ వ్యవధిలో ఒక కునుకు తీసి లేచేవారు. అయినా పల్లెత్తు మాట ఎవరూ అనేవాళ్ళు కాదు. ఫోటోలు బాగా వచ్చేవి, పైగా వాళ్ళకు వేరే దిక్కు లేదు.

ఆ దిక్కు కాస్తా పోయిన నెలలో వచ్చింది. చిన్నల్లుడు లిఫ్టులు బిగించే కంపెనీలో ఇంజనీరు. ఫోటోల ఊసే ఎరగని మనిషి. ఒకరోజు మెడలో కెమెరా, దానికి ఒకే ఒక్క లెన్సు తగిలించుకుని అత్తగారింట్లో దిగాడు. "ఇదొక్కటి చాలన్నారు అన్నయ్యా. ఇటు తిప్పితే ఇల్లంతా పడుతుంది, అటు తిప్పితే ఎదురింటి బాల్కనీ దగ్గరకొచ్చేస్తుంది. నాకు మీలాగా మార్చడాలవీ చేతకాదు కదా," అన్నాడు వినయంగా. పెద్దల్లుడికి వినయం ఒంటికి పడదు. అందులోనూ తోడల్లుడి వినయం అసలు పడదు.

సరిగ్గా ఆ రోజే చిన్నల్లుడి పాప మొదటిసారి గోడ వదిలి నడిచింది. కుటుంబపు ఆస్థాన ఫోటోగ్రాఫరు ఆ సమయానికి పొడుగు లెన్సు విప్పి పొట్టిది బిగిస్తున్నాడు. మూత సోఫా కిందికి దొర్లింది. దాన్ని వెతుక్కుని లేచేసరికి పాప నడక ముగించి, కింద కూర్చుని తనకు తనే చప్పట్లు కొట్టుకుంటోంది.

"ఇంకొక్కసారి నడిపించండి," అన్నాడు పెద్దల్లుడు.

పాప ఒప్పుకోలేదు. చిన్నల్లుడు మాత్రం నిలబడ్డ చోటి నుంచి కదలకుండా పాప పాదాలూ, తల్లి చాచిన చేతులూ, ఆ మూలన కళ్ళొత్తుకుంటున్న అత్తగారినీ అన్నిటినీ పట్టేశాడు. సాయంత్రానికల్లా అందరి ఫోన్లలోనూ ఆ ఫోటోలే. పెద్దల్లుడి భార్య కూడా తన ఫోనులో బొమ్మ మార్చింది. పాపను ఎత్తుకుని ఆవిడ పకపకా నవ్వుతున్న ఫోటో. పెళ్ళయిన నాటి నుంచీ ఆవిడను ఫోటోలు తీస్తున్నది తను. తనకెప్పుడూ అలా నవ్వి పెట్టలేదు.

"బాగుందా?" అని అడిగింది భార్య.

"కాస్త మెత్తగా ఉంది. అంచుల్లో పదును లేదు."

"నాకా?"

"ఫోటోకి."

ఆ తర్వాతి ఆదివారం అందరూ భోజనాల దగ్గర కూర్చున్నప్పుడు అతను ఉండబట్టలేక ఉపన్యాసం మొదలుపెట్టాడు. "అన్ని పనులూ చేసేవాడు ఒక్క పనీ సరిగ్గా చేయడండీ. లెన్సు కూడా అంతే. దర్జీ చేత చెప్పులు కుట్టించుకుంటామా? అలాంటి దాన్ని నా చేత్తో ముట్టుకోను కూడా," అన్నాడు. చిన్నల్లుడు నిజమేనన్నట్టు తలాడించాడు. అత్తగారు మాత్రం కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు.

"మరి పోయినేడు మీరు నాకు అంటగట్టిన ఈ జోడో? దగ్గరా దూరమూ అన్నీ ఒక్క అద్దంలోనే, రెండు జోళ్ళు మోసే కాలం పోయిందన్నారుగా!"

"అది వేరండీ."

"ఎలా వేరు?"

ఎలా వేరో అతను ఇంకా ఆలోచించుకోలేదు. మంచినీళ్ళు తాగాడు.

అసూయకు మందు లేదంటారు కానీ ఉంది. కెమెరాల షాపులో దొరుకుతుంది. శత్రువు ఆయుధాన్ని ఒకసారి పరీక్షించి వద్దామని వెళ్ళినవాడు, అచ్చం అలాంటిదే ఒకటి కాగితంలో చుట్టించుకుని బయటికొచ్చాడు. తన షాపులో కుర్చీలోంచి లేవకుండానే వీధి అవతలి దర్జీ కొట్టును చూశాడు. మెల్లగా తిప్పాడు. కొట్టు, కొట్టులో దర్జీ, దర్జీ మెడలో టేపు, టేపు మీద అంకెలు ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందుకు వచ్చేశాయి. పెద్దల్లుడికి ఏడుపొచ్చినంత పనైంది. లెన్సు నిజంగానే బాగుంది. బాగుండకపోతే హాయిగా తిట్టుకుంటూ బతికేసేవాడు.

ఇక అసలు చిక్కు మొదలైంది. ముట్టుకోనన్న దాన్ని అత్తగారింటికి పట్టుకెళ్ళడం ఎలా? చాలా రోజులు ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాడు. లెన్సు ముందు ఎండ తగలకుండా నల్లటి తొడుగొకటి ఉంటుంది, హుడ్ అంటారు. అతని పాత లెన్సుల హుడ్లు మూడూ మూడు రకాలు. ఒకటి పొట్టిగా పూరేకుల్లా విచ్చుకుని ఉంటుంది, ఒకటి గుండ్రంగా గిన్నెలా ఉంటుంది, మూడోది జానెడు గొట్టం. ఇంట్లోవాళ్ళు ఏ లెన్సో పోల్చుకునేది ఆ తొడుగును బట్టే. కనుక లెన్సుల్ని షాపు బీరువాలో వదిలేసి తొడుగులు మాత్రం తీసుకెళ్ళాలి. కొత్తదానికి ఒకసారి పొట్టి తొడుగు, ఒకసారి పొడుగు తొడుగు నల్ల టేపుతో అంటించాలి. లెన్సు ఎలాగూ తిప్పితే సాగుతుంది, తిప్పితే ముడుచుకుంటుంది. ఒకే నటుడితో మూడు వేషాలు వేయిస్తే చూసేవాళ్ళకు ముగ్గురు నటులు కనిపిస్తారు.

"ఏవండీ, సంచీ ఇంత తేలిగ్గా ఉందేమిటి?" అంది భార్య, ఆదివారం కారెక్కుతూ. "లెన్సులు పెట్టుకున్నారా?"

"పెట్టుకున్నాను."

"ఎప్పుడూ భుజం లాగేసేది."

"నీకు బలం పెరిగింది."

ఆవిడ అతని వంక ఒకసారి చూసి కిటికీలోంచి బయటికి చూడసాగింది. వెనక సీట్లో కూతురు ఫోను చూసుకుంటోంది.

వాళ్ళు వెళ్ళేసరికి పెరట్లో కుర్చీలు వేసి, తుడిచి, వరుసలో సర్ది ఉన్నాయి. సర్దింది చిన్నల్లుడే. "ముందు మీరు తీయండి అన్నయ్యా. మీరు తీశాక నేనేదో ఒకటి తీస్తాను," అన్నాడు. వాడి మంచితనం మండిపోనూ అనుకుని పెద్దల్లుడు పూరేకుల వేషంతో మొదలుపెట్టాడు. మామగారు కళ్ళు మూశారు. పాప ఏడ్చింది. సరే, కాసేపు విడి ఫోటోలు తీద్దాం, దీన్ని తర్వాత చూద్దాం అనుకున్నాడు.

"లెన్సు మార్చాలి," అని ప్రకటించి సంచీతో సహా ఇంట్లోకి పరుగెత్తాడు. తలుపు గడియలన్నీ రంగులు వేసేవాళ్ళు విప్పి ఇంకా బిగించలేదు. ఆ ఇంట్లో గడియ మిగిలిన తలుపు ఒక్కటే, బాత్రూముది. లోపలికి దూరి గడియ పెట్టి టేపు లాగాడు. చర్రుమని చప్పుడొచ్చింది. చప్పుడు బయటికి వినిపించకూడదని కొళాయి తిప్పాడు. కొత్త ముక్కను పళ్ళతో కొరికి, గిన్నె తొడుగు అంటించి, చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి అత్తగారి ముఖాన్ని తీశాడు. ఆ తర్వాత దూరంగా పూలకుండీల దగ్గర పాపతో ఆడుకుంటున్న మరదలిని తీయాలని "లెన్సు మార్చాలి" అని మళ్ళీ పరుగెత్తాడు. మళ్ళీ చర్రుమంది, మళ్ళీ కొళాయి పారింది. ఈసారి గొట్టంతో బయటికొచ్చాడు. మామగారు అంతలో "నన్నూ ఒకటి తీయండి" అన్నారు. మళ్ళీ పరుగు.

"అక్కా, బావగారికి ఒంట్లో బాగానే ఉందా?" అంది మరదలు మెల్లగా. "లోపల్నుంచి ఆ చప్పుళ్ళేమిటే?"

"పొద్దున్న ఏం తిన్నారమ్మా?" అన్నారు అత్తగారు పెద్దకూతురితో.

"ఏమీ తినలేదు. ఆలస్యమవుతుందని అలాగే వచ్చేశారు."

"ఇంకేం మరి!"

అతను బయటికొచ్చేసరికి కుర్చీల్లోని ముఖాలన్నీ తనవైపే జాలిగా చూస్తున్నాయి. అత్తగారు లేచి అతని చేతిలోంచి సంచీ తీసుకున్నారు. "బాబూ, ఫోటోలకేం తొందర? మీరు ముందు కూర్చోండి."

"నాకేం కాలేదండీ."

"మొహమాటపడతారెందుకు? మన ఇల్లేగా. ఎన్నిసార్లయింది?"

ముందు నుయ్యి, వెనక గొయ్యి. కడుపు శుభ్రంగా ఉందంటే, మరి మాటిమాటికీ కెమెరాతో బాత్రూములో నీకేం పని అని అడుగుతారు. పెద్దల్లుడు క్షణం ఆలోచించి తక్కువ అవమానాన్ని ఎంచుకున్నాడు. "కొంచెం తేడాగానే ఉందండీ," అన్నాడు.

అంతే. అత్తగారు చెంబుడు నీళ్ళలో ఉప్పూ పంచదారా కలిపి తెచ్చి, అడుగు కనిపించేదాకా దగ్గరుండి తాగించారు. భోజనంలో అతనికి అన్నీ బంద్ అని, రెండు బ్రెడ్డు ముక్కలు చాలని వంటింట్లోకి కబురు వెళ్ళింది. "మంటగా ఏమైనా ఉందా?" అని అడిగారు.

"ఉందండీ," అన్నాడు. పొద్దుటి నుంచీ అతను చెప్పిన మొదటి నిజం అదే.

"ఎన్నాళ్ళ నుంచి?"

"నెల రోజుల నుంచి."

"నెల నుంచి ఉంటే చెప్పరేం? ఇలాంటివి దాచుకుంటే ముదురుతాయి!" అని ఆవిడ కూతుర్ని కేకలేశారు. మామగారు మాత్రం ఇంకో కోణంలో ఆలోచిస్తున్నారు. "అది సరేనయ్యా, లోపలికి కెమెరా ఎందుకు?" అని అడిగారు. "దుమ్ము పడకుండానండీ," అన్నాడు పెద్దల్లుడు. ఆ జవాబు మామగారికి నచ్చినట్టు లేదు.

చెంబుడు నీళ్ళు ఊరికే ఉంటాయా? కాసేపటికి అతనికి నిజంగానే బాత్రూము అవసరం పడింది. వెళ్ళొచ్చాడు. అత్తగారు నిట్టూర్చి రెండో చెంబు కలిపారు.

గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు, అప్పుడే లెన్సు కూడా అడ్డం తిరిగింది. అలాంటి లెన్సుకు ఒక గుణం ఉంది. కొత్తలో గట్టిగానే ఉంటుంది కానీ ముందు బరువు తగిలిస్తే, నేలవైపు వేలాడేటప్పుడు తనంతట తనే జారి సాగుతుంది. మామగారి చొక్కా కాలరు సర్దుదామని పెద్దల్లుడు వంగాడు. మెడలో వేలాడుతున్న కెమెరాకు గిన్నె తొడుగు, దానికి సరిపడా టేపూ ఉన్నాయి. లెన్సు నిదానంగా, ఏ తొందరా లేకుండా కిందికి దిగడం మొదలుపెట్టింది.

"నాన్నా! నీ లెన్సు పొడుగవుతోంది!" అని అరిచింది కూతురు.

ఆ పాత లెన్సుల్లో ఏదీ అలా పొడుగవడం ఎవరూ చూడలేదు. అందరూ ఇటు తిరిగేలోగా పెద్దల్లుడు రెండు చేతులతోనూ కెమెరాను పొట్టకు అదుముకుని, ముడుచుకుని, మోకాళ్ళ మీద కూలబడ్డాడు.

"అయ్యయ్యో, మెలిపెడుతోంది! పట్టుకోండర్రా!" అన్నారు అత్తగారు.

పట్టుకోవడానికి వచ్చింది చిన్నల్లుడు. చంకల కింద చేతులు వేసి లేపుతూ, ఎవరికీ వినపడకుండా చెవిలో అన్నాడు. "పక్కన చిన్న మీట ఉంటుందన్నయ్యా. పైకి తోస్తే ఇక జారదు."

పెద్దల్లుడు అతని ముఖంలోకి చూశాడు. అక్కడ వెక్కిరింత లేదు, విజయగర్వం లేదు. తెలిసిపోయింది, అయినా ఎవరికీ చెప్పడు. అరిచి అందరికీ చెప్పినా ఇంత బాధ ఉండేది కాదు. ఇన్నాళ్ళూ తోడల్లుడి లెన్సు మీద, ఫోటోల మీద పడి ఏడ్చిన పెద్దల్లుడికి ఇప్పుడు ఆ మనిషి మంచితనం మీద కూడా అసూయ పుట్టింది.

"మీట సంగతి నాకు తెలుసు," అన్నాడు కోపంగా. మీట ఎక్కడుందో మాత్రం కనిపించలేదు.

ఇక మిగిలింది గుంపు ఫోటో ఒక్కటే. దాంతో అన్నీ కడిగేసుకోవచ్చు. మరదలి ఫోటో మాత్రం ఇందాక కదిలిపోయింది కనుక, సంచీ వెనక్కి తీసుకుని, ముందు గొట్టం వేసి అది ముగించి, తర్వాత పూరేకుల తొడుగు వేసి అందరినీ తీద్దామనుకున్నాడు. మొదటి పని అయింది. రెండోదానికి బాత్రూము దగ్గరకు వెళితే తలుపు మూసి ఉంది. మామగారు లోపలున్నారు.

"ఎవరూ?" అన్నారాయన లోపల్నుంచి. "అల్లుడుగారా? ఆగలేరా?"

"ఆగుతానండీ," అని చెప్పి అతను వెనక్కి తిరిగి, పక్కనున్న మెట్లెక్కి మేడ మీదికి పోయాడు. అక్కడ నీళ్ళ ట్యాంకు ఉంది. దాని వెనక కూర్చుంటే కింద కుర్చీల్లో ఉన్నవాళ్ళకు ఎవరూ కనపడరు. మోకాళ్ళ మీద కూర్చుని గొట్టాన్ని పీకడం మొదలుపెట్టాడు. ఎండకు టేపు జిగురు కరిగి పట్టేసింది. గోళ్ళతో గీకాడు, పళ్ళతో కొరికాడు. ఊడి వచ్చిన టేపు ముక్క పెదవికి అంటుకుంది. గొట్టం మాత్రం రాలేదు.

ఆ సమయంలో కింద నుంచి నవ్వులు వినిపించాయి. అలాంటిలాంటి నవ్వులు కావు. అత్తగారు, మామగారు, మరదలు, తన సొంత భార్య, ఆఖరికి కూతురూ అందరూ ఒక్కసారిగా విరగబడి నవ్వుతున్నారు. పదేళ్ళుగా "నవ్వండి, నవ్వండి" అని తను బతిమాలినా రాని నవ్వు అది. తను లేకుండా అంతగా నవ్వాల్సిన అవసరం వాళ్ళకేం వచ్చింది? పెద్దల్లుడు ఉండబట్టలేక కెమెరాను చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని, ట్యాంకు పక్క నుంచి మెడ సాచి, పొట్టి పిట్టగోడ మీదుగా కిందికి తొంగి చూశాడు. అందరూ కుర్చీల్లో ఉన్నారు. చిన్నల్లుడు కూడా పాపను ఒళ్ళో పెట్టుకుని వాళ్ళ మధ్యలో కూర్చుని నవ్వుతున్నాడు. 

గొట్టం ఊడినా ఊడకపోయినా సరేనని కిందికి దిగాడు. "అందరూ సిద్ధమా?" అంటూ వరుసగా ఫోటోలు తీసేశాడు. ఎండలో కెమెరా వెనక తెర సరిగా కనిపించలేదు. అయినా చేయి తిరిగినవాడు తెర చూసుకుంటూ కూర్చోడు అనుకున్నాడు.

భోజనాలయ్యాయి. అందరూ కడుపు నిండా తిన్నారు, అతను బ్రెడ్డు తిన్నాడు. హాల్లో టీవీ ముందు అందరూ చేరారు. ఖాళీ మేకు టీవీకి సరిగ్గా ఎదురుగా ఉంది. కూతురు రెండు కెమెరాల్లోని ఫోటోలనూ టీవీలోకి ఎక్కించింది.

ముందు పెద్దల్లుడివి. మొదటి దాంట్లో మామగారి కళ్ళు మూసి ఉన్నాయని అందరికీ తెలుసు. దానికి తోడు పూరేకుల తొడుగు వంకరగా అంటుకోవడం వల్ల నాలుగు మూలలా నల్లటి ముక్కలు కనిపించాయి. ఆఖరి వరుస ఫోటోలు వచ్చాయి. జానెడు గొట్టం లోంచి ఇల్లంతా పట్టేలా తీస్తే ఏమవుతుందో అదే అయింది. తెరంతా కటిక చీకటి, నడిమధ్య గుండ్రటి కన్నం, ఆ కన్నంలో అత్తగారూ పాపా. మిగతా కుటుంబం చీకట్లో కలిసిపోయింది.

"మేమేమిటి, బావిలో పడ్డట్టున్నాం?" అన్నారు అత్తగారు.

"అదొక రకం కళండీ," అన్నాడు పెద్దల్లుడు.

"నన్ను అసలు కళలోకే రానివ్వలేదుగా!" అన్నారు మామగారు.

తర్వాత చిన్నల్లుడిది. "నేను తీసింది ఒక్కటేనండీ. అదీ అన్నయ్య వచ్చేసరికి కుర్చీలు సరిగ్గా ఉన్నాయో లేదో చూద్దామని. కెమెరాను అక్కడ ప్రహరీ గోడ మీద పెట్టి, ఫోటో దానంతట అదే పడేట్టు మీట నొక్కి, వచ్చి కూర్చున్నాను," అని సంజాయిషీ ఇచ్చుకున్నాడు. తెర మీద ఫోటో వచ్చింది.

అందరూ ముందుకు వంగారు. అది అంత బాగుంది. అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. మరదలి కళ్ళలో నీళ్ళు. పాప మామగారి చెవి పట్టుకుని ఉంది. వెనక కొత్త రంగు వేసిన ఇల్లు మేడ దాకా నిండుగా పడింది.

"ఎందుకలా నవ్వారు?" అని అడిగాడు పెద్దల్లుడు, అడక్కుండా ఉండలేక.

భార్య నేల చూపులు చూసింది. మామగారే చెప్పారు. "ఏం లేదు. బాత్రూములో చూస్తే నేలంతా నల్ల టేపు ముక్కలు. అల్లుడుగారు లోపల కడుపుకి పంక్చర్లు వేసుకుంటున్నట్టున్నారర్రా అన్నాను."

హాలు మళ్ళీ నవ్వింది. అత్తగారు కళ్ళొత్తుకుంటూ, "ఒక్క పెద్దల్లుడే లేకపోయాడు, పాపం. ఆయన కూడా ఉంటే ఇదే పెట్టేద్దును. అందరూ లేకుండా గోడకెలా ఎక్కిస్తాం?" అన్నారు. పెద్దల్లుడికి ప్రాణం లేచొచ్చింది. అమ్మయ్య, అయితే ఎవరిదీ ఎక్కదు.

"నాన్న ఉన్నాడు అమ్మమ్మా," అంది కూతురు. "పైన చూడు."

"వద్దులేమ్మా, టీవీ కట్టేయ్, పాప నిద్రపోవాలి," అని చిన్నల్లుడు లేచాడు. కానీ ఆ పిల్ల అప్పటికే ఫోటోను పెద్దది చేసి పైకి జరిపింది. మేడ మీద, ట్యాంకు పక్కన పెద్దల్లుడు మోకాళ్ళ మీద ఉన్నాడు. పెదవి నుంచి నల్ల టేపు వేలాడుతోంది. కెమెరాను గుండెకు హత్తుకున్నాడు. మెడ సాగి ఉంది. కిందివాళ్ళను చూస్తున్న ఆ కళ్ళలోని ఏడుపును ఇంకెవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. కూతురు ఇంకా పెద్దది చేసింది. లెన్సు చుట్టూ ఉన్న అక్షరాలు తేటగా వచ్చాయి. చిన్నల్లుడి లెన్సు మీద ఉన్నవీ అవే.

"నాన్నా, ఇది బాబాయ్ లెన్సు లాంటిదేగా?"

అత్తగారు కళ్ళజోడు సర్దుకుని తెర దగ్గరకు వెళ్ళి చూశారు. దొంగకు తేలు కుట్టినట్టు పెద్దల్లుడు కిక్కురుమనలేదు.

"మరి కడుపు?" అన్నారావిడ.

"బాగానే ఉందండీ. ఆకలేస్తోంది."

"మరి ఇదంతా ఎందుకు బాబూ?"

అతను తలవంచుకుని చెప్పాడు. "తట్టుకోలేకపోయానండీ. పదేళ్ళు ఆ గోడ మీద నా ఫోటో ఉంది. తమ్ముడు నిన్నగాక మొన్న కెమెరా పట్టుకున్నాడు. మీరందరూ నాకెప్పుడూ అలా నవ్వలేదు."

ఎవరూ నవ్వలేదు. మరదలు వంటింట్లోకి వెళ్ళి కంచం నిండా వడ్డించి తెచ్చి అతని ముందు పెట్టింది. చిన్నల్లుడు పక్కన చేరి, "మరి మీ పాత లెన్సులు వాడనట్టయితే నాకిస్తారా అన్నయ్యా? మీరు తీసే ముఖాల ఫోటోలు చూసి ఎన్నాళ్ళుగానో కుళ్ళుకుంటున్నాను," అన్నాడు. ఆ మాట వినగానే ఆ మూడు లెన్సులూ మళ్ళీ బంగారమైపోయాయి. "ఇవ్వను," అన్నాడు పెద్దల్లుడు నోటి నిండా అన్నంతో. నెల రోజుల మంట అతనికి కాస్త చల్లబడింది.

"ఈ ఫోటోయే గోడకెక్కుతుంది," అని అత్తగారు తీర్పిచ్చారు. "అందరూ ఉన్నది ఇదొక్కటే."

"నేను అందులో దొంగలా ఉన్నానండీ!"

"ఉంటే ఏమైంది? మన దొంగే కదా," అంది భార్య. "ఇన్నేళ్ళలో మీరు మాతో కలిసి పడ్డ ఫోటో ఇంకొకటి చూపించండి."

అతను ఆలోచించాడు. ఒక్కటీ గుర్తు రాలేదు. సరే, తోడల్లుడి ఫోటోనే గోడకెక్కుతోందని గుటక మింగబోయి, మధ్యలో ఆగాడు. చిన్నల్లుడు కూడా ఆ ఫోటోలో కూర్చునే ఉన్నాడుగా! నొక్కి వచ్చాడే తప్ప తీసింది అతను కాదు. పెద్దల్లుడు రెండోసారి వడ్డించుకుని తృప్తిగా తిన్నాడు.

ఫోటోకు పెద్ద ఫ్రేము కట్టించారు. సోఫా పైన అదే మేకుకు తగిలించారు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ దాని ముందు ఆగి, కాసేపు నవ్వి, ఇంత బాగా ఎవరు తీశారని అడుగుతున్నారు. "మా ప్రహరీ గోడ తీసింది," అని చెప్పి అత్తగారు వాళ్ళను పెరట్లోకి తీసుకెళ్ళి మరీ ఆ గోడను చూపిస్తున్నారు. "పదేళ్ళలో ఇంత మంచి ఫోటో ఇంకెవరూ తీయలేదు," అని కూడా అంటున్నారు.

తోడల్లుళ్ళిద్దరూ ఇప్పుడు సఖ్యంగానే ఉంటున్నారు. పెద్దల్లుడికి ఆ గోడతోనే మాటల్లేవు.